ముఖం కలిసింది, మనిషి కాదు

భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే పోలీస్ కంట్రోల్ రూమ్ ఉంది. దుర్గ్ జిల్లాలో కాస్త పెద్ద కేసు ఏది తేలినా ప్రెస్‌మీట్ మామూలుగా అక్కడే పెడతారు. బల్ల మీద పట్టుబడిన సెల్‌ఫోన్లు, నగలు, నోట్ల కట్టలు. వెనక వరుసలో అధికారులు. వాళ్లకు అటూ ఇటూ తల నుంచి మెడ దాకా నల్లగుడ్డ కప్పుకుని నిలబడ్డ మనుషులు. చిన్నప్పుడు పేపర్లో ఆ ఫోటోలు చూసి, పాపం పరువు పోకూడదని ముసుగు వేశారనుకునేదాన్ని. అసలు కారణం వేరని చాలా ఏళ్లకు తెలిసింది. తర్వాత జరిగే గుర్తింపు పరేడ్‌లో సాక్షి నిందితుణ్ణి గుర్తుపట్టాలి. అంతకు ముందే ఆ ముఖం సాక్షి కంటపడితే పరేడ్‌కు విలువ ఉండదు. పోలీసు రికార్డుల్లో దీన్ని ‘బాపర్దా’ ఉంచడం అంటారు. అంటే ఆ గుడ్డ కాపాడేది సాక్ష్యాన్ని. మనిషి పరువు సంగతి దాని పని కాదు.

2025 జనవరి 18న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఒక మనిషిని పట్టుకున్నప్పుడు ఆ గుడ్డ కూడా లేదు.

దానికి రెండు రోజుల ముందు, 16వ తేదీ తెల్లవారుజామున, ముంబయి బాంద్రాలో నటుడు సైఫ్ అలీ ఖాన్ మీద ఆయన ఇంట్లోనే కత్తితో దాడి జరిగింది. మెట్ల మీది సీసీటీవీలో ఒక యువకుడి ముఖం పడింది. దేశమంతా ఆ బొమ్మే. 18 మధ్యాహ్నం, ముంబయి పోలీసుల నుంచి వచ్చిన ఫోటో, సమాచారం ఆధారంగా రైల్వే రక్షణ దళం జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ నుంచి 31 ఏళ్ల డ్రైవర్‌ను దింపి అదుపులోకి తీసుకుంది. కాసేపటికే అతని ఫోటో అన్ని ఛానెళ్లలోనూ తిరిగింది. మర్నాడు ఉదయానికల్లా ముంబయి పోలీసులు ఠాణేలో వేరే వ్యక్తిని అరెస్టు చేశారు. దుర్గ్‌లో పట్టుకున్నవాణ్ణి వదిలేశారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అతను వెళ్తున్నది పెళ్లి చూపులకు. ఆ సంబంధం తప్పిపోయిందనీ, ఉద్యోగం పోయిందనీ తర్వాత విలేకరులతో చెప్పుకున్నాడు. సీసీటీవీలోని మనిషికి మీసం లేదు, నాకు ఉంది, అదైనా చూడలేదా అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం నేను ఏం చేశానో కూడా చెప్పాలి. మా ఊరి స్టేషన్‌లో దొరికాడన్న ఉత్సాహంతో ఆ ఫోటోను మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ‘దుర్గ్‌లో దొరికాడు’ అని రాశాను. ‘ముఖం చూస్తేనే తెలిసిపోతోంది’ అని శ్రీకాకుళం నుంచి అత్తయ్య జవాబిచ్చింది. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, కొలతలో దోషం ఎంతో చెప్పకుండా ఒక్క అంకె కూడా రాయకూడదని రెండేళ్లు ప్రాక్టికల్ రికార్డులు దిద్దించుకున్న మనిషిని నేను. ఆ ఫోటోలో దోషం ఎంత ఉండవచ్చన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

గుమ్మడికాయల దొంగ

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెతను మనం తెలివైన దర్యాప్తుకు గుర్తుగా వాడతాం. కాస్త ఆలోచిస్తే అందులో ఒక తిరకాసు ఉంది. గుమ్మడికాయ భుజాన మోస్తే బూడిద అంటుతుంది కాబట్టి దొంగ తడుముకుంటాడు, నిజమే. కానీ దొంగ ఎవరని నలుగురిలో గద్దించి అడిగితే భయస్తుడూ తడుముకుంటాడు. నిన్న సొంత పెరట్లో కాయ కోసుకున్నవాడూ తడుముకుంటాడు. ఊళ్లో వెయ్యి మంది ఉండి, దొంగ ఒక్కడే అయితే, తడుముకున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరై ఉంటారు?

అబద్ధాన్ని పట్టే యంత్రంగా పేరుపడ్డ పాలీగ్రాఫ్ చేసే పని ఇదే. గుండె వేగం, ఊపిరి, చెమట కొలుస్తుంది. భుజం తడుముకోవడాన్ని కాగితం మీద గీతగా గీస్తుంది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2003లో దీనిమీద ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఒక ఊహాత్మక లెక్క ఉంది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకుందాం. వాళ్లలో ఎనిమిది మందిని పట్టేంత గట్టిగా పరీక్ష పెడితే మొత్తం సుమారు 1,600 మంది తప్పుతారు. అందులో ఎనిమిది మంది గూఢచారులు, మిగిలినవాళ్లంతా ఏ తప్పూ చేయనివాళ్లు. పరీక్ష చెడ్డదని కాదు, పదిలో ఎనిమిది మందిని పట్టింది కదా. దొంగలు అరుదుగా ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. వెతికేది ఎంత అరుదైనదైతే, దొరికినట్టు కనిపించినవాటిలో అబద్ధపువి అంత ఎక్కువ. దీన్ని గణితంలో పద్ధతిగా చెప్పినది 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మతబోధకుడిగా పనిచేసిన థామస్ బేయస్. ఆయన వ్యాసం 1763లో, ఆయన పోయాక, అచ్చయింది.

మన సుప్రీంకోర్టు 2010 మే 5న, సెల్వి కేసు తీర్పులో, మనిషి ఇష్టం లేకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని చెప్పింది. కారణం రాజ్యాంగంలోని 20(3) అధికరణం, తనమీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్నది. ఆ పరీక్షల నమ్మదగినతనం మీద ఉన్న సందేహాలను కూడా కోర్టు అక్కడ చర్చించింది.

ముఖాల లెక్క

ఇప్పుడు దుర్గ్ స్టేషన్‌కు వద్దాం. మసక సీసీటీవీ బొమ్మతో మామూలు కంటికి ‘అవును, వీడే’ అనిపించేలా వెయ్యి మంది మగవాళ్లలో ఒక్కడు ఉంటాడనుకోండి. ఇది నేను లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. ముంబయి లాంటి నగరంలో 40 లక్షల మంది వయోజన పురుషులు ఉంటే అలా కనిపించేవాళ్లు 4,000 మంది. వాళ్లలో నేరం చేసినవాడు ఒక్కడు. కాబట్టి పోలిక ఒక్కదాన్నే పట్టుకుని ‘వీడే’ అంటే నిజమయ్యే అవకాశం నాలుగు వేలలో ఒకటి. ‘పోలిక కలిసే నిర్దోషి వెయ్యిలో ఒక్కడే’ అన్న మాట నిజమే. దాన్ని ‘పోలిక కలిసినవాడు నిర్దోషి అయ్యే అవకాశం వెయ్యిలో ఒకటే’ అని తిప్పి చదవడంలో తప్పు ఉంది. రెండు వాక్యాలూ చెవికి ఒకేలా వినిపిస్తాయి. గణాంకశాస్త్రంలో దీనికి ప్రాసిక్యూటర్ భ్రమ అని పేరు.

ఇంగ్లండ్‌లో 1999లో ఒక న్యాయవాది తన ఇద్దరు పసిబిడ్డలను చంపిందని శిక్షపడింది. ఒకే ఇంట్లో రెండు సహజమైన ఆకస్మిక శిశు మరణాలు జరిగే అవకాశం 7.3 కోట్లలో ఒకటని ఒక పేరున్న పిల్లల వైద్యుడు సాక్ష్యం చెప్పాడు. 8,543ను దానితోనే గుణిస్తే వచ్చే అంకె అది. తోబుట్టువుల మధ్య జన్యువులు, ఇల్లు, గాలి అన్నీ ఉమ్మడి కాబట్టి అలా గుణించడమే చెల్లదు. అదటుంచి, ఒక తల్లి ఇద్దరు బిడ్డలనూ చంపడం ఎంత అరుదో ఎవరూ పక్కన పెట్టి చూడలేదు. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. 2003లో ఆమె విడుదలైంది. 2007లో చనిపోయింది.

కొత్త మనిషి ముఖాన్ని గుర్తుపట్టడంలో మనకు ఉన్న నైపుణ్యం మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. ఇంట్లోవాళ్లను వెనక నుంచి, చీకట్లో, నడకను బట్టి కూడా గుర్తుపడతాం. ఆ ధీమానే తెలియనివాళ్ల మీద కూడా చూపిస్తాం. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారులకు ఎదుట నిలబడ్డ మనిషినీ, ఫోటోనూ పోల్చమని ఇచ్చారు. రోజూ అదే పని చేసేవాళ్లు. ఫోటో వేరేవాళ్లది అయిన సందర్భాల్లో 14 శాతం సార్లు ‘సరే, వీళ్లదే’ అన్నారు.

యంత్రానికి అప్పగిస్తే? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్లను పెద్ద ఎత్తున పరీక్షించి, వాటిలో చాలావాటికి ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్ల ముఖాలను తప్పుగా కలిపే రేటు తెల్లవాళ్లకంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువని తేల్చింది. 80 శాతం పోలిక దాటితే ‘కలిసినట్టే’ లెక్కిస్తామని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు చట్టం కింద జవాబిచ్చారు. ఎనభై శాతం పోలిక అంటే ఎనభై శాతం నిజం అని కాదు. రెండు బొమ్మల మధ్య దూరాన్ని సాఫ్ట్‌వేర్ తన కొలబద్దతో కొలిచి ఇచ్చే మార్కు అది. మార్కును నిజంగా మార్చాలంటే ఎంతమందిలో వెతికారన్నది తెలియాలి.

తెలంగాణలోని మెదక్‌లో 2023 జనవరిలో ఒక గొలుసు దొంగతనం జరిగింది. సీసీటీవీలో కనిపించిన వ్యక్తిలా ఉన్నాడని ముప్పయ్యో పడిలో ఉన్న ఒక దినసరి కూలీని పోలీసులు తీసుకెళ్లారు. అతను ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. స్టేషన్‌లో తనను కొట్టారని చనిపోయేముందు వీడియోలో చెప్పాడు. హైకోర్టు తనంతట తానుగా కేసు తీసుకుంది. దుర్గ్‌లో పోలిక వల్ల ఒక సంబంధం తప్పిపోయింది, మెదక్‌లో ప్రాణం పోయింది.

ఒక్కసారి అనుకున్నాక

ముందే ఒక నిర్ణయానికి వచ్చిన కన్ను తర్వాత వేరేలా చూస్తుంది. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల తర్వాత దొరికిన ఒక వేలిముద్ర ఒరెగాన్‌లోని ఒక న్యాయవాదిదని అమెరికా ఎఫ్‌బీఐ తేల్చింది. ఒకరి తర్వాత ఒకరు నిపుణులు అవునన్నారు. కొన్ని వారాలకు స్పెయిన్ పోలీసులు అది వేరే మనిషిదని చూపించారు. రెండేళ్ల తర్వాత ఇటీల్ డ్రోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. అయిదుగురు అనుభవజ్ఞులైన వేలిముద్రల నిపుణులకు ఒక జత ముద్రలు ఇచ్చి, ఇవి ఎఫ్‌బీఐ పొరపాటు పడ్డ ఆ ముద్రలు, చూసి చెప్పండి అన్నాడు. నిజానికి అవి ఆ నిపుణులే కొన్నేళ్ల కిందట తమ కేసుల్లో ‘కలిశాయి’ అని ధ్రువీకరించినవి. అయిదుగురిలో నలుగురు ఈసారి తమ మాట తామే మార్చుకున్నారు. గీతలు మారలేదు, చెవిన పడ్డ మాట మారింది.

సాక్షి జ్ఞాపకం కూడా అంతే మెత్తటిది. ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 1974లో విద్యార్థులకు కార్లు ఢీకొన్న వీడియో చూపించారు. కొందరిని కార్లు ‘తగిలినప్పుడు’ వేగమెంత అనీ, ఇంకొందరిని ‘నుజ్జయినప్పుడు’ వేగమెంత అనీ అడిగారు. వారం తర్వాత పగిలిన గాజు కనిపించిందా అని అడిగితే మొదటివాళ్లలో 14 శాతం, రెండోవాళ్లలో 32 శాతం అవునన్నారు. వీడియోలో గాజు పగలలేదు. ఒక్క క్రియాపదానికి ఆ బలం ఉంటే, రోజంతా టీవీలో తిరిగిన ముఖానికి ఎంత ఉండాలి? కంట్రోల్ రూమ్‌లోని ఆ నల్లగుడ్డ విలువ నాకు ఇక్కడే అర్థమైంది.

ప్రయోగశాల మాత్రం నమ్మదగినదని మనకు ఒక ధైర్యం. నాకూ ఉంది, కొంతవరకే. 2011 సెప్టెంబరులో ఒపెరా ప్రయోగం వాళ్లు సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు, 730 కిలోమీటర్లు, న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ప్రకటించారు. యాదృచ్ఛికంగా అలా వచ్చే అవకాశం కోట్లలో ఒకటి. కానీ వాళ్లు ఐన్‌స్టీన్‌ను దోషిగా నిలబెట్టలేదు. మా తప్పు వెతకండి అని లోకాన్ని అడిగారు. 2012లో తప్పు దొరికింది. ఒక ఆప్టికల్ ఫైబర్ తీగ సరిగ్గా బిగించలేదు. కోట్లలో ఒకటి అన్న అంకెకు వదులైన తీగ గురించి ఏమీ తెలియదు. డీఎన్‌ఏ నివేదికలోని కోట్లలో ఒకటికీ నమూనా ఎక్కడ తీశారు, ఎవరు సీలు వేశారు, ఏ సీసాలో ఏది పడింది అన్నది తెలియదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసులో ప్రాసిక్యూషన్ చూపిన ఆధారాల్లో డీఎన్‌ఏ నివేదిక ముఖ్యమైనది. 2010లో ఒక యువకుడికి శిక్ష పడింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ ఆధారాలు నిలవవని శిక్ష కొట్టేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదటినుంచీ అతను కాదనే అంటున్నారు.

పుట్టుకతోనే

ఇదంతా నేరం జరిగాక వచ్చే అనుమానం. నేరం జరగకముందే అనుమానాన్ని చట్టంగా రాసుకున్న చరిత్ర మనకు ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ పాకింది. ఎరుకలవాళ్లను ఆ జాబితాలో చేర్చారు. 1913లో బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. హాజరు పిలుపు ఉండేది. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. నమోదైనవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం చట్టంలోనే ఉంది. వేలిముద్రల శాస్త్రం మన దేశంలోనే పెరిగింది. 1897లో కలకత్తాలో ముద్రల కార్యాలయం పెట్టారు. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ దాని వర్గీకరణను తయారుచేశారు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. అదే కాలంలో ఇటలీలో లాంబ్రోసో నేరస్థుణ్ణి పుర్రె ఆకారంలో, దవడ ఎముకలో వెతికాడు. అదీ శాస్త్రం పేరుతోనే.

ఇక్కడ ఒక కొలత దోషం దాగి ఉంది. ఒక ఊరి మీద రాత్రీ పగలూ కాపలా పెట్టి, ఇంకో ఊరిని వదిలేస్తే, నమోదయ్యే కేసులు మొదటి ఊళ్లోనే ఎక్కువగా ఉంటాయి. ఆ లెక్క చూపించి కాపలా పెంచుతారు. లెక్క ఇంకా పెరుగుతుంది. డిటెక్టర్‌ను ఒకే దిక్కుకు తిప్పిపెట్టి, కిరణాలన్నీ ఆ దిక్కునుంచే వస్తున్నాయన్నట్టుంటుంది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి. సినిమాలు ఆ ఊరి పేరును దొంగతనానికి మారుపేరుగా నిలిపి ఉంచాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలోని కుల వివక్ష నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతులను అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే నిబంధనలనూ తప్పుపట్టింది. రద్దుకూ తీర్పుకూ మధ్య 72 ఏళ్లు.

చట్టం ఎటు నిలబడింది

ఆధారభారం ఆరోపించినవాడిదే. 1872 సాక్ష్య చట్టంలోనూ, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే సూత్రం. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదన్నదీ 1872 నుంచి ఉన్నదే, దాని వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకు మినహాయింపు. ‘విచారణలో నేరం అంగీకరించాడు’ అన్న పేపరు వాక్యానికి చట్టం దృష్టిలో ఉన్న విలువ అంతే. తెలుగులో నిందితుడు, దోషి అని రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. ‘దొంగ దొరికాడు’ అన్న శీర్షికలో రెండూ మాయమవుతాయి.

భారాన్ని తిరగేసిన చట్టాలూ ఉన్నాయి. మాదకద్రవ్యాల చట్టం (1985), మనీ లాండరింగ్ చట్టం (2002), పోక్సో (2012), వరకట్న మరణాలకు సంబంధించిన సాక్ష్య నిబంధన. వీటిలో నిందితుడే తన నిర్దోషిత్వం చూపాలి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టలేను. పెళ్లయిన ఏడేళ్లలోపు నాలుగు గోడల మధ్య ఒక కోడలు కాలి చనిపోతే, లోపల ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్లు ఆ ఇంటివాళ్లే. అక్కడ జవాబు వాళ్లనే అడగడంలో న్యాయం ఉంది. అయినా ముందు కొన్ని మూల వాస్తవాలను ప్రాసిక్యూషనే నిరూపించాలని 2008లో నూర్ ఆగా తీర్పులో సుప్రీంకోర్టు మాదకద్రవ్యాల చట్టం గురించి చెప్పింది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది చట్టంలో ఎక్కడా రాయని శిక్ష. దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు విచారణ ఖైదీలు. మా రాష్ట్రంలోనే, సుక్మా జిల్లా బుర్కాపాల్‌లో 2017 ఏప్రిల్‌లో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన దాడి కేసులో 121 మంది ఆదివాసులు 2022 జులైలో నిర్దోషులుగా బయటికొచ్చారు. అయిదేళ్లు లోపలే ఉన్నారు.

జనాభిప్రాయానికి అంత ఓపిక కూడా లేదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. అంతకు ముందు జరిగిన ఘోరానికి నా రక్తమూ మరిగింది. విచారణ మాత్రం జరగలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు ఆ సమయానికి మైనర్లనీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటపడ్డ నివేదికలో రాసింది. ఆ నివేదికపై చర్యలను తెలంగాణ హైకోర్టు 2024లో నిలిపివేసింది.

పోలీసుల మీడియా సమావేశాలకు మార్గదర్శకాలు తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు చెప్పింది. సెక్టర్ 6లో బల్లలు, నల్లగుడ్డలు ఉన్నచోటే ఉన్నాయి.

జనవరి 19 సాయంత్రం వేరే మనిషిని పట్టుకున్న వార్త చదివి, గ్రూపులో ఆ ఫోటో తీసేశాను. ‘అతను కాదట, పొరపాటున పెట్టాను’ అని రాశాను. అప్పటికే ఎవరెవరు ఎక్కడికి పంపారో నాకు తెలియదు. ముప్పై మంది చూశారని గుర్తులు వచ్చాయి. చాలాసేపటికి ఒక్క జవాబు వచ్చింది, అత్తయ్య నుంచి.

‘అవునా? మరి ముఖం అలా ఉందేంటే?’